అడవి మధ్య నుంచి గూడేనికి రోడ్డు: జేసీబీని ఆపేశారు, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ గూడెం తారు రోడ్డుకు 2.8 కిలోమీటర్ల దూరం. అందులో 1.4 కిలోమీటర్లు రిజర్వు ఫారెస్టు, మిగతాది పోడు, పట్టా భూములు. పంచాయతీరాజ్ వాళ్లు రోడ్డు మంజూరైందని జేసీబీ పంపారు. రెండో రోజే బీట్ ఆఫీసర్ వచ్చి పని ఆపేశారు. ఒకరేమో పర్యావరణ అనుమతి కావాలంటున్నారు, ఇంకొకరేమో ఫైలు ఢిల్లీ వెళ్లాలంటున్నారు. ఇదంతా తేలేసరికి ఇంకెన్ని వానాకాలాలు గడుస్తాయో అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. మీ ఫైలు ఢిల్లీ వెళ్లాల్సిన పని లేకపోవచ్చు. ఇలాంటి ఊళ్ల కోసమే 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) పెట్టారు. ప్రభుత్వం నిర్వహించే రోడ్డు అయి, దానికి పోయే అటవీ భూమి ఒక హెక్టారు లోపే ఉండి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టనక్కర్లేకపోతే, గ్రామసభ సిఫార్సు మీద మీ డివిజన్ అటవీ అధికారి, అంటే డీఎఫ్‌ఓ స్థాయిలోనే అనుమతి వస్తుంది. కాగితాలు సరిగ్గా ఉంటే మూడు నాలుగు నెలల్లో వచ్చినవి నా చేతుల మీదుగానే ఉన్నాయి. సరిగ్గా లేక ఏడాదిన్నర తిరిగినవీ ఉన్నాయి. మీది ఎటు పోతుందనేది ముందు టేపు పట్టుకుని కొలిస్తే తేలుతుంది. ఆఫీసుకు వెళ్లేది ఆ తర్వాత.

నేను ఏజెన్సీ ప్రాంతాల్లో రోడ్ల పనుల మీద ఇంజినీరుగా ఇరవై రెండేళ్లు చేశాను. ఇప్పుడు రిటైరయ్యి, ఎవరైనా గ్రామసభ వాళ్లు అడిగితే ఇలాంటి ఫైళ్లు చూసి పెడుతున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే.

పర్యావరణ అనుమతి వేరు, అటవీ అనుమతి వేరు. మీకు సలహా ఇచ్చినవాళ్లు ఈ రెంటినీ కలిపేశారు. పర్యావరణ అనుమతి అనేది 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద వచ్చేది. రోడ్లలో అది జాతీయ, రాష్ట్ర రహదారుల గురించి మాట్లాడుతుంది. గూడేనికి వేసే రోడ్డు ఆ జాబితాలో లేదు. కాబట్టి పబ్లిక్ హియరింగు, పెద్ద పెద్ద నివేదికలు మీకు అక్కర్లేదు. మీకు కావాల్సింది అటవీ భూమిని అడవి కాని పనికి వాడుకునే అనుమతి. మామూలుగా అది 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఇవ్వాలి. సెక్షన్ 3(2) దానికి మినహాయింపు. "1980 చట్టంలో ఏమున్నప్పటికీ" అనే అర్థంతోనే ఆ సెక్షన్ మొదలవుతుంది. రేంజి ఆఫీసులో ఎవరైనా "కేంద్రం అనుమతి లేకుండా కుదరదు" అంటే ఆ వాక్యం చూపించండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, కరెంటు లైను, మంచినీళ్ల పైపులైను, చెరువు ఇలా మొత్తం 13 సౌకర్యాలున్నాయి అందులో, రోడ్లు వాటిలో ఒకటి.

ఇక కొలతల సంగతి. ఇక్కడే ఎక్కువ ఫైళ్లు మునిగిపోతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. మీ ఎస్టిమేట్‌లో రోడ్డు మొత్తం వెడల్పు 7.5 మీటర్లు అని ఉందనుకుందాం, చాలా ఎస్టిమేట్లలో అలాగే వేసేస్తారు. 1,400 మీటర్ల పొడవును 7.5తో గుణిస్తే 10,500 చదరపు మీటర్లు. అంటే 1.05 హెక్టార్లు. హద్దు దాటిపోయింది, ఫైలు కేంద్రం అనుమతి దారి పట్టింది. అదే వెడల్పు 6 మీటర్లయితే 0.84 హెక్టారు. కొండ వైపు ముప్పావు మీటరు సైడ్ డ్రెయిన్ కలిపినా 0.945. హద్దు లోపలే ఉన్నారు. ఎస్టిమేట్‌లో ఒక్క అంకె దగ్గర మీ ఊరి భవిష్యత్తు రెండుగా చీలుతుంది, ఆ అంకె వేసే ఇంజినీరుకు చాలాసార్లు ఆ సంగతే తట్టదు. ఒకప్పుడు నాకూ తట్టలేదు.

అలాగని కాగితం మీద 6 మీటర్లు రాసి నేల మీద 9 మీటర్లు తవ్వడం మాత్రం వద్దు. కొండవాలులో రోడ్డు వేసేటప్పుడు పైన కటింగు, కింద పోసిన మట్టి కూడా స్థలాన్ని తింటాయి. రేంజి ఆఫీసర్ టేపు పెట్టేది రోడ్డు మధ్యలో కాదు, కటింగు అంచు నుంచి మట్టి పోసిన అంచు దాకా. అందుకే అలైన్‌మెంట్, అంటే రోడ్డు పోయే గీత, వాలు తక్కువున్న చోట నుంచి పోవాలి. ఇరవై మీటర్లు చుట్టు తిరిగినా నష్టం లేదు.

ఇంకో మాట. పోడు పట్టా ఉన్న భూమి కూడా చట్టం దృష్టిలో అటవీ భూమే. అటవీ హక్కుల పట్టా వస్తే సాగు హక్కు వస్తుంది, అనుభవించే హక్కు వస్తుంది, కానీ భూమి అటవీ రికార్డుల్లోంచి బయటికి రాదు. మీరు "1.4 కిలోమీటర్లే ఫారెస్టు, మిగతాది పోడు, పట్టా" అని రాశారు కదా, ఆ పోడులో రోడ్డు ఎన్ని మీటర్లు పోతుందో చూడండి. ఉదాహరణకు 300 మీటర్లు ఉందంటే మీ లెక్క 1,700 మీటర్లు అవుతుంది. డ్రెయిన్ కలిపి 6.75 మీటర్ల వెడల్పుతో అది 1.15 హెక్టార్ల దగ్గరికి పోతుంది. అప్పుడు రెండు దార్లున్నాయి. పోడు తగలకుండా రెవెన్యూ భూమిలోంచి అలైన్‌మెంట్ తిప్పడం ఒకటి. వెడల్పు 5.5కి తగ్గించడం రెండోది, అప్పుడు 0.935 హెక్టారుకు వస్తుంది. 3 మీటర్ల సిమెంటు రోడ్డు, పక్కన బెర్ములు (రోడ్డంచు మట్టి పట్టీలు), డ్రెయిన్ అందులో పడతాయి. ఎదురొచ్చే వాహనానికి దారివ్వడానికి అక్కడక్కడా కాస్త వెడల్పు చోట్లు కావాలి, వాటిని ఫారెస్టు దాటాక పట్టా భూమి వైపు పెట్టుకోండి. రోజుకు నాలుగు ఆటోలు, ఒక అంబులెన్సు, సంతరోజు రెండు జీపులు తిరిగే దారికి ఇది సరిపోతుంది. ఆ పోడు రైతు ఒప్పుకోలు మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన పోగొట్టుకునే సెంట్లకు ఊరు ఏమిస్తుందో గ్రామసభలోనే తేల్చండి.

కొందరు ఇంకో చిట్కా చెప్తారు: రోడ్డును రెండు ముక్కలు చేసి రెండు ఫైళ్లు పెడదాం, ఒక్కొక్కటి హెక్టారు లోపే కదా అని. చట్టంలో "ఒక్కో సందర్భంలో" హెక్టారు లోపు అనే మాట ఉన్న సంగతి నిజమే. కానీ ఒకే గూడేనికి, ఒకే మంజూరు కింద, ఒకే రోడ్డును ముక్కలు చేయడం ఆ మాటకు అర్థం కాదు. డీఎఫ్‌ఓ పట్టుకుంటారు. పట్టుకున్నాక మీరు నిజాయితీగా పెట్టే రెండో ఫైలును కూడా అనుమానంగానే చూస్తారు. నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

చెట్ల లెక్కకు వద్దాం. హెక్టారుకు 75 అంటే మీ 0.945 హెక్టారుకు 70 చెట్లు. ఎస్టిమేట్‌లో అందాజుగా "50 చెట్లు" అని రాస్తారు, ఎవరూ లెక్కపెట్టరు. మీరు లెక్కపెట్టండి. బీట్ ఆఫీసర్ని పిలిచి, ఊళ్లో పెద్దలు ఇద్దరు, ఇంజినీరు ఒకరు కలిసి నడవండి. దారికి రెండు వైపులా ముగ్గు గీతలు పోసి, గీతల మధ్య పడే ప్రతి చెట్టుకూ తెల్ల రంగుతో నంబరు వేయండి. జాతి పేరు, చుట్టుకొలత నోటు పుస్తకంలో రాయండి.

పాడేరు వైపు ఒక గూడెంలో ఇలాగే నంబర్లు వేసుకుంటూ పోతున్నాం. 31వ నంబరు దగ్గర ఆడవాళ్లు ఆపేశారు. అది ఇప్ప చెట్టు. ఇద్దరు చేతులు కలిపి పట్టుకున్నా అందనంత మాను, మొదలు దగ్గర పువ్వు ఏరుకోవడానికి ఏటేటా ఊడ్చి ఊడ్చి నున్నగా అయిన నేల. ఒకావిడ నా చేతిలోంచి కుంచె తీసుకుని పక్కన పెట్టింది. "రోడ్డు కావాలి, ఇది కూడా కావాలి బాబూ" అంది. అక్కడే కూర్చుని అలైన్‌మెంట్ నాలుగు మీటర్లు కిందికి జరిపాం. జరిపితే ఇప్ప చెట్టుతో పాటు రెండు మద్ది చెట్లు కూడా మిగిలాయి, పైగా ఒక బండరాయి తప్పి పేలుడు పని లేకుండా పోయింది. అటవీ శాఖ అడిగే పరిశీలన అంటే నా దృష్టిలో ఇదే. నేల మీద నడిచి, ఏది పోతుందో పేరుపేరునా తెలుసుకుని, పోకుండా చూడగలిగినదాన్ని చూడటం.

గ్రామసభ తీర్మానం ఒక్క లైనులో రాయకండి. "మా గ్రామానికి రోడ్డు కావలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసి పంపిస్తే తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ మళ్లీ సభ పెట్టాలి, మళ్లీ నెల పోతుంది. తీర్మానంలో ఇవన్నీ ఉండాలి: ఏ రిజర్వు ఫారెస్టు, ఏ బీటు, కంపార్ట్‌మెంట్ నంబరు (అటవీ శాఖ ఆ భాగానికి ఇచ్చిన నంబరు) ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, వెడల్పు, మొత్తం విస్తీర్ణం, పోయే చెట్ల సంఖ్య, రోడ్డు వేసే శాఖ పేరు. ఈ దారి మీద ఎవరి అటవీ హక్కుల దరఖాస్తైనా పెండింగులో ఉందా లేదా అన్నది కూడా రాయండి. ఉంటే వాళ్లు సభలో ఏమన్నారో రాయండి. సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, హాజరైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంతకాలు, వేలిముద్రలు పేరు పక్కనే వేయించండి. ఖాళీ కాగితం మీద ముందే వేలిముద్రలు తీసుకుని తర్వాత పైన రాసుకునే పద్ధతి కొన్నిచోట్ల చూశాను. ఎంత మంచి పని కోసమైనా అది తప్పు. రేపు ఎవరైనా "నాకు తెలీదు" అంటే ఫైలు మొత్తం కూలిపోతుంది.

షెడ్యూల్డ్ ప్రాంతమైతే సభ మీ గూడెం స్థాయిలో జరగాలి. పంచాయతీ కేంద్రంలో పెట్టి మీ గూడెం తరఫున ఇద్దరు సంతకం చేస్తే చాలదు.

దరఖాస్తు మీరు పెట్టేది కాదు. రోడ్డు వేసే శాఖ పెట్టాలి, మీ విషయంలో పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం. వాళ్లు ఫారం-ఏ నింపి గ్రామసభ తీర్మానంతో కలిపి రేంజి ఆఫీసరుకు ఇస్తారు. ఆయన స్థలం చూసి తన అభిప్రాయంతో ఫారం-బీ డీఎఫ్‌ఓకు పంపుతారు. డీఎఫ్‌ఓ ఒప్పుకుంటే అనుమతి. ఒప్పుకోకపోతే కథ అక్కడితో అయిపోదు, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ ముందుకు వెళ్తుంది. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2009 మే నెలలో ఇచ్చిన పద్ధతి ఇది. మీ మండల ఇంజినీరు ఇదివరకు ఇలాంటి ఫైలు చేసి ఉండకపోవచ్చు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లకు ఫారం-ఏ ఎలా ఉంటుందో కూడా తెలియదు. కోప్పడకుండా ఆ ప్రతి మీరే సంపాదించి తీసుకెళ్లి ఇవ్వండి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అటవీ హక్కుల పని చూసేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

ఈ పద్ధతి ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి వేరేవాళ్లు పొరబడతారు. అడవి అవతల సొంత భూమి కొనుక్కుని దానికి రోడ్డు కావాలనేవాళ్లకు, రిసార్టులకు, క్వారీలకు సెక్షన్ 3(2) వర్తించదు. అది ప్రభుత్వం నిర్వహించే సౌకర్యాలకే. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు ఒక చిన్న మినహాయింపు పెట్టారు. ప్రభుత్వ రోడ్డు లేదా రైలు మార్గం వెంబడి ఉన్న అటవీ భూమిలో, జనావాసానికో, దారి పక్క సౌకర్యానికో వెళ్లే దారికి 0.10 హెక్టారు దాకా చట్టం వర్తించదు. అంటే వెయ్యి చదరపు మీటర్లు. రోడ్డంచున సన్నటి అటవీ పట్టీ అడ్డున్నవాళ్లకు అది పనికొస్తుంది. మీ 1.4 కిలోమీటర్లకు కాదు.

మీరు తప్పకుండా వెతకాల్సింది ఇంకోటి ఉంది. ఆ దారి 1980కి ముందు నుంచీ ఉందా? అటవీ సంరక్షణ చట్టం 1980 అక్టోబర్ 25న వచ్చింది. అంతకుముందే ఉన్న మట్టి రోడ్డును, వెడల్పు పెంచకుండా, చెట్లు కొట్టకుండా గట్టి రోడ్డుగా మార్చుకోవడానికి కేంద్రం మార్గదర్శకాల్లో వెసులుబాటు ఉంది. మీ తాతల కాలం నుంచి ఎడ్లబండ్లు తిరిగిన బాట అయితే అది పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో గీతగా కనిపిస్తుంది. అటవీ శాఖ సొంత వర్కింగ్ ప్లాన్ మ్యాపుల్లోనూ ఉండొచ్చు. ఒక ఊరి ఫైలు మా దగ్గర ఏడాదికి పైగా పడి ఉంది. ఆఖరికి ఆ ఊరి పెద్దాయన ఒకాయన, వెదురు కూపులకు (అటవీ శాఖ నరికించే చోట్లకు) లారీలు ఇదే దారిన వచ్చేవని, తనూ ఎక్కించే పనికి వెళ్లేవాడినని చెప్పాడు. ఆ మాట పట్టుకుని పాత కూపు మ్యాపు తీయించాం. అందులో దారి స్పష్టంగా ఉంది, పక్కనే వెడల్పు కూడా రాసుంది. ఆ తర్వాత అభ్యంతరమే రాలేదు. మీ ఊళ్లో డెబ్బై దాటినవాళ్లతో ఒక సాయంత్రం కూర్చోండి.

మీ గూడెం చెంచులదో, కొండరెడ్లదో, కోలాములదో, ఇంకేదైనా ఆదిమ గిరిజన తెగదో అయితే చెప్పండి. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద, వంద మందికి పైగా ఉన్న అలాంటి ఆవాసాలకు రోడ్లు మంజూరయ్యాయి. డబ్బు దారి వేరైనా అటవీ అనుమతి మాత్రం ఇలాగే తెచ్చుకోవాలి. మంజూరు కాగితం అనుమతి కాదు, మీ దగ్గర జేసీబీ ఆగింది సరిగ్గా ఇందుకే.

విస్తీర్ణం ఎంత తగ్గించినా హెక్టారు దాటిందనుకోండి. అప్పుడు కేంద్రం అనుమతుల వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. డీజీపీఎస్ సర్వే (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచేది), కేఎంఎల్ ఫైలు (ఆ హద్దుల డిజిటల్ మ్యాపు), అటవీ హక్కులు తేల్చినట్టు కలెక్టర్ ధ్రువపత్రం కావాలి. రోడ్ల ఫైళ్లను కేంద్రం ప్రాంతీయ కార్యాలయంలోనే చూస్తారు, ఆంధ్రకు విజయవాడ, తెలంగాణకు హైదరాబాద్. మొదటి దశ, తుది దశ అని రెండు మెట్లుంటాయి. పోయే భూమికి రెట్టింపు క్షీణించిన అడవిలో మొక్కలు పెంచడానికయ్యే ఖర్చు, దాంతో పాటు ఎన్‌పీవీ, అంటే పోయే అడవికి లెక్కగట్టిన విలువ, కట్టాలి. 2022 జనవరిలో సవరించిన రేట్ల ప్రకారం ఎన్‌పీవీ అడవి రకాన్ని బట్టి హెక్టారుకు సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల రూపాయల దాకా ఉంది. ఈ డబ్బు రోడ్డు ఎస్టిమేట్‌లో ముందే పెట్టకపోతే, మొదటి దశ వచ్చాక కట్టడానికి నిధుల్లేక ఫైలు అక్కడే ఆగిపోతుంది. అలా ఆగిన రోడ్లు నాకు తెలిసి చాలానే ఉన్నాయి. అయినా నిరాశ పడాల్సింది లేదు, రోడ్ల లాంటి పనులకు మొదటి దశ వచ్చి డబ్బు కట్టేశాక పని మొదలుపెట్టుకునేందుకు అనుమతి అడగొచ్చు.

అభయారణ్యమో, పులుల అభయారణ్యమో అయితే పరిస్థితి ఇంకా బరువుగా ఉంటుంది. అటవీ హక్కుల చట్టం అటవీ భూమికి ఇచ్చిన నిర్వచనంలో అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలు కూడా ఉన్నాయి. కానీ 1972 వన్యప్రాణి చట్టం తన మాట తాను అడుగుతుంది. నల్లమలలో శ్రీశైలం దారి మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారని మీకు తెలిసే ఉంటుంది, రోడ్డున్న చోట కూడా జంతువులకు రాత్రి వదిలిపెట్టాలన్నది అక్కడి పద్ధతి. మీది మామూలు రిజర్వు ఫారెస్టు అన్నారు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు నేను మనసులో పెట్టుకున్న మాట. చాలామంది ఊరివాళ్లు అటవీ శాఖను శత్రువుగా చూస్తారు. నాకూ కొన్నాళ్లు అలాగే ఉండేది. 2011 వానాకాలంలో సర్వేకి వెళ్తుంటే ఎదురుగా డోలీ వచ్చింది. వెదురుకర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణి. ముందు ఒకతను కత్తితో కొమ్మలు నరుకుతూ నడుస్తున్నాడు, మోసేవాళ్ల కాళ్లకు జలగలు. వాళ్లకు దారివ్వడానికి నేను బురదలో పక్కకు జరిగి నిలబడ్డాను. ఆవిడ కళ్లు మూసుకుని కర్రను రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ పూట నుంచి, ఏ ఊరికైనా రోడ్డు అక్కర్లేదు అనే మాట నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

కానీ రేంజి ఆఫీసర్ల భయంలో కూడా నిజముంది. రోడ్డు పడ్డ రెండేళ్లకు ఆ దారినే కలప లారీలు వచ్చిన చోట్లు నేను చూశాను. ఎండ పడని నేల మీద ఎండ పడగానే దారికి రెండు వైపులా లంటానా కంప అల్లుకుని, పశువులకు గడ్డి లేకుండా పోయింది. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. కొండవాలుకు అడ్డంగా రోడ్డు కోస్తే, అదివరకు పరుచుకుని దిగే వాన నీరు రోడ్డు పక్క కాలువలోకి చేరి ఒకే చోట దూకుతుంది. అక్కడ గండి పడుతుంది, ముందు పోయేది మన రోడ్డే.

ఆ తప్పు నేను చేశాను. ఒక వాగు మీద ఎండాకాలంలో సర్వే చేసి, పారుతున్న నీళ్లు చూసి రెండు హ్యూమ్ పైపులు (సిమెంటు గొట్టాలు) వేసి మూసేశాను. పక్కనున్న చెట్ల మానుల మీద నడుము ఎత్తున ఎండుటాకులు, చెత్త చిక్కుకుని ఉన్నాయి. అది వరద గుర్తు. నా కళ్ల ముందే ఉంది, నేను చదవలేదు. ఆగస్టులో వచ్చిన ఒక్క వానకు కొమ్మలు పైపుల్లో అడ్డం పడి, నీళ్లు పక్కకు తిరిగి ఒక రైతు మడిని ఇసుకతో కప్పేశాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. వాగు దాటే ప్రతి చోటా ఊరివాళ్లను అడిగి వరద గుర్తు రాయించండి, పైపు చాలదనిపిస్తే కాజ్‌వేనో, కల్వర్టో అడగండి. నీళ్లు అలవాటుగా దిగే ప్రతి చోటా తూము ఉండాలి, ఖర్చు పెరుగుతుందని ఇంజినీరు తగ్గిస్తానంటే ఒప్పుకోకండి.

అందుకే అనుమతిలో పెట్టే షరతుల్ని భారంగా చూడొద్దని నా మనవి. తవ్విన మట్టి వాలు కిందికి తోయొద్దు, మొరం, రాయి అడవిలోంచి తీయొద్దు, కూలీల గుడారాలు అడవిలో వేయొద్దు, రాత్రి పని వద్దు. ఇవి మామూలుగా ఉండే షరతులే, అన్నీ కూడా మీ నీళ్లనూ మీ అడవినీ కాపాడేవే. వీటితో పాటు మీరే ఒకటి ముందుకు తెచ్చి చెప్పండి: రోడ్డు మొదట్లో గేటు పెడతాం, రాత్రిపూట బయటి లారీ వస్తే ఊరు ఆపుతుంది అని. గ్రామసభే ఆ మాట తీర్మానంలో రాస్తే డీఎఫ్‌ఓ దగ్గర దానికి చాలా బరువుంటుంది. ఇలా రాసిన రెండు ఫైళ్లు నేను చేశాను, రెండూ ఒక్క అభ్యంతరం లేకుండా వచ్చాయి.

చేయకూడనిది కూడా చెప్పాలి. ఆగిన జేసీబీని రాత్రిపూట మళ్లీ దింపి తెల్లారేసరికి దారి కొట్టేద్దాం అని మీ ఊళ్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఒక మండలంలో అలాగే చేశారు. మూడో రాత్రి దొరికారు. 1967 అటవీ చట్టం కింద జేసీబీని స్వాధీనం చేసుకుని రేంజి ఆఫీసు ఆవరణలో పెట్టారు, ఇద్దరు కుర్రాళ్ల మీద కేసు పడింది. కాంట్రాక్టరు తన దారిన తాను పోయాడు. ఆ కుర్రాళ్లు మాత్రం వాయిదాలకు బస్సు ఛార్జీలు పెట్టుకుని తిరిగారు. కొట్టిన దారి తూముల్లేక మొదటి వానకే కోసుకుపోయింది. తర్వాత మామూలు పద్ధతిలో ఫైలు పెడితే, "ఇదివరకే ఉల్లంఘన జరిగింది" అన్న ఒక్క వాక్యం దాన్ని ఏళ్ల తరబడి వెనక్కి లాగింది. మీ దగ్గర రెండు రోజులు పని జరిగింది కదా, అది ఎన్ని మీటర్లు, ఎన్ని చెట్లు పోయాయో దాచకుండా శాఖతో ముందే రాయించి ఇవ్వండి. తర్వాత బయటపడటం కంటే అది చాలా మేలు.

వానలు రాకముందే నడిచి కొలవండి, ఆకులు రాలి దారి కనిపిస్తుంది, వరద గుర్తులూ కనిపిస్తాయి. కొలిచాక మూడు అంకెలు ఇక్కడ రాయండి: పోడుతో కలిపి అటవీ భూమిలో పొడవు ఎంత, ఎస్టిమేట్‌లో వెడల్పు ఎంత, గీతల మధ్య చెట్లు ఎన్ని. కంపార్ట్‌మెంట్ నంబరు కూడా తెలిస్తే ఇంకా మంచిది. వాటిని బట్టి తీర్మానం ముసాయిదా నేను రాసి పెడతాను, ఫారం-ఏలో ఏ గడిలో ఏం రాయాలో కూడా చెప్తాను.